పోలండ్‌లో ఫలించిన పాశ్చాత్య సాయం రష్యాలో ఎందుకు బెడిసికొట్టింది?

సాగర్_నల్గొండ
అందరికీ నమస్తే. 2025 జూలైలో అమెరికా విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ దుకాణం కట్టేసి, మిగిలిన పనుల్ని అమెరికా విదేశాంగ శాఖకి అప్పగించినప్పటి నుంచి బుర్రలో ఒక ప్రశ్న తిరుగుతోంది. 1989లో బెర్లిన్ గోడ కూలాక, కమ్యూనిస్టు పాలన నుంచి బయటపడిన దేశాలకి పాశ్చాత్య దేశాలు అప్పులు, గ్రాంట్లు, సలహాదారుల్ని పంపాయి. సలహాదారుగా పోలండ్ వెళ్లిన అమెరికా ఆర్థికవేత్త జెఫ్రీ శాక్సే రష్యాకీ వెళ్లాడు. రెండు చోట్లా చెప్పింది దాదాపు ఒకటే: ధరల మీద సర్కారు పట్టు తీసెయ్యండి, సబ్సిడీలు కోసెయ్యండి, ప్రభుత్వ కంపెనీలు అమ్మెయ్యండి.

ఈ రోజు పోలండ్ తానే ఇంకొకళ్లకి సాయం చేసే స్థితిలో ఉంది. రష్యాలో చూస్తే గుప్పెడు మంది కుబేరులు, ఆ వెనక పుతిన్. తేడా ఎక్కడొచ్చింది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. "అంతా అమెరికా కుట్ర" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు ఆ కుట్ర ఎలా నడిచిందో కూడా రాయండి ప్లీజ్.

ఎర్రమందారం
ఆఖరి వాక్యం నాకే తగిలింది :)

సరే, చెప్తాను. ఇచ్చిన దాంట్లో ఎక్కువ భాగం అప్పులు, ఎగుమతి రుణాలు. మా సరుకు కొనుక్కో, డబ్బు మేమే అప్పిస్తాం, వడ్డీతో తీర్చు అన్న లెక్క. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1948 నుంచి 1952 దాకా మార్షల్ ప్లాన్ కింద అమెరికా నుంచి పశ్చిమ యూరప్‌కి సుమారు 1,300 కోట్ల డాలర్లు వెళ్తే, అందులో చాలా భాగం తిరిగి ఇవ్వక్కర్లేని సొమ్ము. 1989 తర్వాత అంత పెద్ద మనసు ఎవరికీ రాలేదు. కొత్త మార్కెట్లు కావాలి, చవగ్గా పనిచేసే ఇంజనీర్లు కావాలి. వెళ్లారు. దాన్ని దానధర్మాల పద్దులో రాయొద్దు.

లెక్కల_మాస్టారు
గ్రాంటు తక్కువన్నది నిజమే మందారం గారూ. కానీ పోలండ్‌ని ఒడ్డున పడేసింది చేతికిచ్చిన డబ్బు కాదు, రుణమాఫీ. మన దగ్గర ఆ మాట వినని ఊరు లేదు కాబట్టి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

1970లలో పోలండ్ కమ్యూనిస్టు నాయకుడు గియెరెక్ ప్రభుత్వం పశ్చిమ దేశాల బ్యాంకుల దగ్గర విపరీతంగా అప్పులు తెచ్చి ఫ్యాక్టరీలు కట్టింది. ఆ ఫ్యాక్టరీల సరుకు పశ్చిమంలో ఎవడూ కొనలేదు, అప్పు మాత్రం పెరుగుతూ పోయింది. 1989 నాటికి 4,000 కోట్ల డాలర్లు దాటింది. ఆ జూన్ 4న ఎన్నికలు. పోటీకి వదిలిన సీట్లన్నీ సాలిడారిటీ అనే కార్మిక ఉద్యమం ఇంచుమించు ఊడ్చేసింది. మజోవియెత్స్కీ ప్రధాని, బల్త్సెరోవిచ్ ఆర్థిక మంత్రి. 1990 జనవరి 1న చాలా వస్తువుల ధరల మీద నియంత్రణ ఒక్కసారిగా ఎత్తేసి, డాలరుకి 9,500 జ్లోటీలని (జ్లోటీ అంటే పోలండ్ కరెన్సీ) రేటు కట్టారు.

ఆ రేటు నిలబడుతుందని జనం నమ్మకపోతే మర్నాడే అందరూ జ్లోటీలు పారేసి డాలర్ల కోసం ఎగబడతారు. అందుకే పాశ్చాత్య దేశాలు కలిసి 100 కోట్ల డాలర్లతో ఒక నిధి పెట్టాయి. అందులో అమెరికా వాటా 20 కోట్లు. విచిత్రం ఏంటంటే, పోలండ్ అందులోంచి ఒక్క డాలరు కూడా వాడలేదు. వెనకాల ఆ డబ్బుందని తెలిసి ఎవరూ రేటు మీద పడలేదు.

అసలు పని 1991లో జరిగింది. ప్రభుత్వాల అప్పుల సంగతి చూసే పారిస్ క్లబ్, పోలండ్ బాకీ సుమారు 3,300 కోట్ల డాలర్లలో సగం కొట్టేసింది. 1994లో ప్రైవేటు బ్యాంకులు కూడా దాదాపు అంతే తగ్గించుకున్నాయి. 1953లో లండన్‌లో పశ్చిమ జర్మనీకి దక్కిన మేలు ఇలాంటిదే.

రష్యాకి ఇది దక్కలేదు. సోవియట్ అప్పు మొత్తం తన నెత్తినేసుకుంది. పారిస్ క్లబ్ వాయిదాలు జరుపుతూ వచ్చింది తప్ప మాఫీ చెయ్యలేదు. చివరికి 2006లో చమురు డబ్బుతో ఆ బాకీ పైసాతో సహా కట్టేశారు. పెట్టుబడి దేశాలకి పోలండ్ మీద ఉన్న ప్రేమ రష్యా మీద లేదన్నది ఆ లెక్కల్లోనే కనిపిస్తుంది.

క్రాకోవ్_కిరణ్
ఉద్యోగరీత్యా పోలండ్‌లో ఉంటున్నాను. బయటినుంచి చూసేవాళ్లు పోలండ్‌ని సక్సెస్ స్టోరీ అంటే ఇక్కడి వాళ్లలో సగం మంది ఒప్పుకుంటారు, మిగతా సగం పోట్లాటకి దిగుతారు. బల్త్సెరోవిచ్ పేరెత్తితే పండగ భోజనాల దగ్గర గొడవలవుతాయి.

నా టీంలో ఒకతనిది బాల్టిక్ తీరానికి దగ్గర్లో చిన్న ఊరు. ఊరంటే ఊరు కాదు, ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం. పీజీఆర్ అంటారు. పొలాల మధ్య మూడంతస్తుల ఫ్లాట్లు, క్యాంటీను, పిల్లల బడి, డాక్టరు, సినిమా చూపించే హాలు, అన్నీ ఆ క్షేత్రమే నడిపేది. 1991లో వాటిని రద్దు చేశారు. ట్రాక్టర్లు, ఆవులు అమ్ముడుపోయాయి. మనుషుల్ని ఎవరు కొంటారు? ఫ్లాట్లు అక్కడే మిగిలాయి, పట్నానికి వెళ్లే బస్సు మానేసింది. వాళ్ల నాన్న ట్రాక్టరు డ్రైవరు. తర్వాత చాలా ఏళ్లు అడవిలో పుట్టగొడుగులు, బ్లూబెర్రీలు ఏరి రోడ్డు పక్కన గాజు సీసాల్లో పెట్టి అమ్మేవాడట. ఇతను మాత్రం గ్దాన్‌స్క్‌లో ఇంజనీరింగ్ చదువుకుని ఇప్పుడు నాకంటే ఎక్కువ జీతం తీసుకుంటున్నాడు. ఒకే ఇంట్లో నష్టపోయినవాడూ బాగుపడినవాడూ ఉన్నారు.

నిరుద్యోగం అంటే ఏంటో తెలియని దేశంలో 1993కల్లా అది 16 శాతానికి వెళ్లింది. ఆ సెప్టెంబరు ఎన్నికల్లో జనం కోపంతో పాత కమ్యూనిస్టుల పార్టీనే గెలిపించారు. వాళ్లు వచ్చాక సంస్కరణల్ని వెనక్కి తిప్పలేదు, స్పీడు తగ్గించారంతే. ఓటేసి ప్రభుత్వాన్ని దింపితే నిజంగానే దిగిపోతుందని జనం చూశారు. మందారం గారూ, ఆ సంగతి ఏ సలహాదారూ నేర్పలేదు, ఒప్పుకుంటాను.

సలహాదారులంటే గుర్తొచ్చింది. 1989లో వార్సాలో రైల్వే స్టేషన్ ఎదురుగా మారియట్ హోటల్ తెరిచారు. విదేశీ కన్సల్టెంట్లంతా అక్కడే దిగేవాళ్లు. రెండు వారాలుండి రిపోర్టు రాసిచ్చి వెళ్లిపోయేవాళ్లని, ఇక్కడి వాళ్లు వాళ్లకి "మారియట్ బ్రిగేడ్" అని పేరు పెట్టారు.

డా_రమణ
నేను 1989 నుంచి 1995 దాకా మాస్కోలో మెడిసిన్ చదివాను. అక్కడ చూసింది రాస్తాను, సిద్ధాంతాలు మీరు చూసుకోండి.

1992 జనవరి 2న రష్యా ఉపప్రధాని గైదార్ ధరల్ని వదిలేశాడు. ఆ ఏడాది ద్రవ్యోల్బణం సుమారు 2,500 శాతం. మా హాస్టల్ గుమ్మం దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూసుకునే ముసలావిడ ఉండేది. దెజూర్నయ అంటారు వాళ్లని. తన అంత్యక్రియల ఖర్చుకి ఎవరి మీదా ఆధారపడకూడదని సేవింగ్స్ బ్యాంకులో దాచుకుంది. వేసవి వచ్చేసరికి ఆ సొమ్ముతో నాలుగు కిలోల సాసేజి కూడా వచ్చేది కాదు. పాస్‌బుక్ మాత్రం పర్సులోంచి తియ్యలేదు.

జనవరి నెలాఖర్లో ఎవరైనా ఎక్కడైనా ఏదైనా అమ్ముకోవచ్చని అధ్యక్షుడు యెల్త్సిన్ ఉత్తర్వు ఇచ్చాడు. అంతే, నగరం నడిబొడ్డున దెత్‌స్కీ మీర్ అనే పిల్లల బజారు చుట్టూ మంచులో జనం వరసలు కట్టి నిలబడ్డారు. చేతిలో ఒక్కొక్కరిది ఒక్కో వస్తువు: కెటిల్, బూట్ల జత, ఉన్ని శాలువా, విప్పని సిగరెట్ పెట్టె. అరవడాలు, బేరాలు ఏమీ లేవు. పట్టుకుని నిలబడేవాళ్లు, అంతే. అందులో మా అనాటమీ డిపార్ట్‌మెంట్ మేడం కూడా కనిపించారు. నేను పక్క సందులోకి తప్పుకున్నాను.

అమెరికా సాయమంటే అక్కడి మామూలు జనానికి తెలిసింది ఫ్రోజెన్ కోడి కాళ్లు. "బుష్ కాళ్లు" అనేవాళ్లు. తిట్టుకుంటూనే తిన్నారు, మేమూ తిన్నాం. ఆ అక్టోబరులో వోచర్లు వచ్చాయి, తలకి ఒకటి, మీద 10,000 రూబుళ్లు అని అచ్చేసి ఉండేది. దేశం ఆస్తిలో మీ వాటా ఇదేనన్నారు. మెట్రో స్టేషన్ల దగ్గర మెడలో అట్టముక్క తగిలించుకుని వోచర్లు కొనేవాళ్లు నిలబడేవాళ్లు. మా దెజూర్నయ తన వోచరుని రెండు వోద్కా సీసాల డబ్బుకి ఇచ్చేసింది. తాగడానికి కాదు, ప్లంబరుకి లంచంగా వోద్కానే ఇవ్వాలి కాబట్టి.

ఇంటి దగ్గర మా నాన్నది ఒంగోలు వైపు పొగాకు సేద్యం. సోవియట్ యూనియన్ కొనుగోళ్లు పడిపోయాక బేళ్లు ఇంట్లోనే ఉండిపోయాయని ఉత్తరం రాశారు. ఇద్దరం ఒకే దెబ్బ తిన్నాం, రెండు దేశాల్లో.

సాగర్_నల్గొండ
డాక్టరు గారూ, చాలా థాంక్స్. ఇలాంటివి పుస్తకాల్లో దొరకవు.

ఎర్రమందారం
డాక్టరు గారు చెప్పింది 1992. తర్వాత కథ నేను పూర్తి చేస్తాను.

1993 అక్టోబరు 4న యెల్త్సిన్ తన పార్లమెంటు భవనం మీదికి ట్యాంకులు పంపించి కాల్పించాడు. వాషింగ్టన్ ఆయన పక్షానే నిలబడింది. 1995లో "షేర్లకు అప్పు" స్కీం. ప్రభుత్వానికి ప్రైవేటు బ్యాంకులు అప్పిస్తాయి, తాకట్టు కింద గనులు, చమురు కంపెనీల షేర్లు పెడతారు, అప్పు తీర్చకపోతే ఆస్తి బ్యాంకుదే. తీర్చరని అందరికీ ముందే తెలుసు. నోరిల్స్క్ నికెల్‌లో 38 శాతం వాటా సుమారు 17 కోట్ల డాలర్లకి పోయింది. వేలం నిర్వహించింది ఓనెక్సిమ్ బ్యాంకు, పాట దక్కించుకున్నదీ దాని మనుషులే. ఇంకో బ్యాంకు 35.5 కోట్లు ఇస్తానంటే అర్హత లేదని పక్కన పెట్టేశారు. మన దగ్గర కల్లు పాకల వేలం కూడా ఇంతకన్నా పద్ధతిగా జరుగుతుంది.

1996 మార్చిలో, అధ్యక్ష ఎన్నికలకి మూడు నెలల ముందు, ఐఎంఎఫ్ సుమారు 1,000 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. అప్పటికి యెల్త్సిన్ ప్రత్యర్థి కమ్యూనిస్టు జ్యుగానోవ్. ప్రజాస్వామ్యానికి సాయం అంటే తమకి కావలసినవాడిని గెలిపించుకోవడమా? మాస్టారు జవాబు చెప్పాలి.

లెక్కల_మాస్టారు
1996 అప్పు రాజకీయ నిర్ణయమే. 1993ని సమర్థించే ఉద్దేశం కూడా నాకు లేదు. కానీ క్రమం చూడండి. డబ్బు అవసరమైనప్పుడు రాలేదు, రాకూడనప్పుడు వచ్చింది.

1992 ఏప్రిల్‌లో జీ-7 దేశాలు రష్యాకి 2,400 కోట్ల డాలర్ల ప్యాకేజీ అని గొప్పగా ప్రకటించాయి. అందులో 600 కోట్లు పోలండ్‌కి పెట్టినట్టే రూబుల్‌కి అండగా ఉండే నిధి. ఆ నిధి ఏర్పడనే లేదు. మిగతా దాంట్లో పెద్ద భాగం మళ్లీ మీరు చెప్పిన ఎగుమతి రుణాలే. సోవియట్ యూనియన్ విడిపోయినా చాలా రిపబ్లిక్కులు అదే రూబుల్ వాడేవి. ఒక్కో దేశపు సెంట్రల్ బ్యాంకు తన ఇష్టం వచ్చినట్టు రూబుల్ అప్పులిచ్చేస్తుంటే మాస్కోలో ధరలు ఎలా ఆగుతాయి? మొదట్లో ఐఎంఎఫ్ ఆ ఉమ్మడి రూబుల్ కొనసాగాలనే అంది. దానికి తోడు 1992 వేసవి నుంచి రష్యా సెంట్రల్ బ్యాంకు పగ్గాలు పట్టిన గెరాష్చెంకో, మునిగిపోతున్న ఫ్యాక్టరీలకి నోట్లు గుద్ది పంచాడు. శాక్స్ 1994 జనవరిలో సలహాదారు పని మానేశాడు. తాను అడిగిన సాయం పాశ్చాత్య దేశాలు ఇవ్వలేదని ఇప్పటికీ చెప్తూనే ఉంటాడు.

ఎస్టోనియా దీనికి పూర్తిగా తిరగేసిన కథ. 1992 జూన్‌లోనే రూబుల్‌కి దణ్ణం పెట్టి సొంత క్రూన్ తెచ్చుకుంది, 8 క్రూన్లకి ఒక జర్మన్ మార్కు. వెనక దన్నుగా ఉన్నది, యుద్ధానికి ముందు లండన్‌లోనూ ఇంకొన్ని చోట్లా దాచుకున్న తన బంగారం. దాన్ని అడిగి వెనక్కి తెచ్చుకుంది.

సుజాత_వి
అభివృద్ధి రంగంలో కన్సల్టెన్సీ పనిచేసిన దాన్ని కాబట్టి ఇంకో వైపు చెప్తాను. డబ్బు ఎంత ప్రకటించారన్న దానికన్నా అది ఎవరి జేబుల మీదుగా వెళ్లిందో చూడాలి.

రష్యా ప్రైవేటీకరణకి, స్టాక్ మార్కెట్ చట్టాలకి సలహాలిచ్చే కాంట్రాక్టు యూఎస్‌ఎయిడ్ హార్వర్డ్ యూనివర్సిటీ సంస్థ ఒకదానికి ఇచ్చింది. సలహాలిచ్చే పెద్దలే తమకీ తమ వాళ్లకీ రష్యాలో పెట్టుబడులు పెట్టుకున్నారని బయటపడింది. కంచే చేను మేసింది. అమెరికా ప్రభుత్వం 2000లో కోర్టుకెక్కింది. 2005లో హార్వర్డ్ 2.65 కోట్ల డాలర్లు కట్టి కేసు రాజీ చేసుకుంది. పద్ధతిగా వ్యాపారం ఎలా చెయ్యాలో నేర్పడానికి వెళ్లిన ప్రాజెక్టండీ ఇది!

లండన్‌లో 1991లో మొదలైన యూరప్ పునర్నిర్మాణ, అభివృద్ధి బ్యాంకు (ఈబీఆర్‌డీ) సంగతి ఇంకా తమాషా. బహుళ పార్టీల ప్రజాస్వామ్యం, మార్కెట్ ఆర్థిక వ్యవస్థ పాటించే దేశాలకే పనిచేస్తామని ఒప్పందం మొదటి అధికరణంలోనే రాసుకున్న బ్యాంకు అది. మొదటి అధ్యక్షుడు ఝాక్ అతాలీ. కొత్త ఆఫీసులో వేసిన రాయి నచ్చలేదని తీయించి, 7.5 లక్షల పౌండ్లతో ఇటలీ పాలరాయి వేయించారు. అప్పటిదాకా తూర్పు యూరప్‌కి విడుదల చేసిన దానికన్నా సొంత భవనానికి, జీతభత్యాలకి, విమానాలకి పెట్టిందే ఎక్కువని పత్రికలు రాశాయి. 1993లో ఆయన దిగిపోయారు. ఆ తర్వాత బ్యాంకు గాడిన పడింది. 2018లో మన దేశం కూడా అందులో సభ్యురాలైంది, మన కంపెనీలకి అక్కడి ప్రాజెక్టుల్లో అవకాశాల కోసం.

గోదారి_గట్టు
ఇంత దూరం ఎందుకండీ. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ప్రపంచ బ్యాంకు అప్పు, కరెంటు బోర్డు విభజన, చార్జీల పెంపు, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు. షరతుల అప్పు రుచి మనకి తెలీదా? అప్పుడు ఎవరు ఏం చేశారంటే...

మోడరేటర్
గోదారి_గట్టు గారూ, బషీర్‌బాగ్ మీద వేరే చర్చా దారం ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ పార్టీల గొడవ మొదలైతే ఇక ఆగదని మనందరికీ తెలుసు.

సాగర్_నల్గొండ
ఇప్పటిదాకా అంతా ఆర్థికమే నడిచింది. ప్రజాస్వామ్యం కోసమని ఇచ్చిన డబ్బు మాటేంటి? ఎన్నికలు, పత్రికలు, స్వచ్ఛంద సంస్థలు... వాటి వల్ల ఏమైనా ఒరిగిందా?

సుజాత_వి
ఒరిగింది, అదీ చాలా తక్కువ ఖర్చుతో. స్లొవేకియా చూడండి. 1990లలో ప్రధాని మెచియార్ పాలనలో పత్రికల మీద ఒత్తిడి, ప్రతిపక్షానికి వేధింపులు. పక్క దేశాల్లో చాలా వరకు యూరోపియన్ యూనియన్ చర్చలకి వెళ్తుంటే 1997లో ఈ దేశాన్ని ఆ జాబితాలోంచి తప్పించారు. 1998 ఎన్నికలకి ముందు అక్కడి సంస్థలు కలిసి "ఓకే 98" అనే ఉద్యమం పెట్టాయి. విదేశీ ఫౌండేషన్లు డబ్బిచ్చాయి. ఫలానా పార్టీకి వెయ్యమని చెప్పలేదు, వెళ్లి ఓటెయ్యండి అన్నారు. కుర్రాళ్ల కోసం రాక్ కచేరీలు, ఊరూరా బస్సు యాత్రలు. పోలింగ్ 84 శాతం! మెచియార్ పార్టీకి అప్పటికీ అందరికన్నా కాస్త ఎక్కువ ఓట్లే వచ్చాయి గానీ, కలిసొచ్చేవాళ్లు లేక అధికారం పోయింది. 2004 మే 1న స్లొవేకియా మిగతావాళ్లతో కలిసే యూనియన్‌లో చేరింది.

ఇది ఎందుకు పనిచేసింది? ఉద్యమం అక్కడి మనుషులది, పోస్టర్లకీ పెట్రోలుకీ డబ్బు బయటిది. 2000లో సెర్బియా యువకుల ఉద్యమం ఓట్‌పోర్ కూడా అంతే. కాకపోతే అక్కడ డబ్బు ఒక నాయకుణ్ణి దింపడానికే వచ్చిందన్నది దాపరికం లేని సంగతి. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టను.

ఎర్రమందారం
హంగరీ మాట ఎవరూ ఎత్తరేం మేడం?

సుజాత_వి
ఎత్తుతాను. హంగరీలో పుట్టిన అమెరికా కుబేరుడు జార్జ్ సోరోస్ 1984లోనే బుడాపెస్ట్‌లో ఫౌండేషన్ పెట్టి లైబ్రరీలకి, యూనివర్సిటీలకి ఫొటోకాపీ మిషన్లు ఇచ్చాడు. ప్రభుత్వ అనుమతి లేకుండా ఒక్క కాగితం అచ్చేయడం కష్టమైన చోట ఆ మిషన్ల వల్ల ఏమవుతుందో ఊహించుకోండి. 1989లో ఆ ఫౌండేషన్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన ఒక కుర్ర నాయకుడి పేరు విక్టర్ ఒర్బాన్. ప్రధాని అయ్యాక 2018లో "సోరోస్‌ని ఆపండి" అనే పేరుతో చట్టాలు తెచ్చింది ఆయనే. సోరోస్ పెట్టిన యూనివర్సిటీ వియన్నాకి తరలిపోవాల్సి వచ్చింది.

క్రాకోవ్_కిరణ్
సాగర్, నన్నడిగితే డబ్బు కన్నా పెద్ద సాయం యూరోపియన్ యూనియన్‌లో చేరే ఆశ. 1993లో కోపెన్‌హాగెన్‌లో షరతులు రాసి ఇచ్చారు: నిలకడైన ప్రజాస్వామ్యం, స్వతంత్ర న్యాయస్థానాలు, మైనారిటీలకి రక్షణ, పోటీకి నిలబడే మార్కెట్. ఇక్కడ ప్రభుత్వాలు మారినా ఆ లిస్టు మారలేదు. మాంసం దుకాణంలో ఫ్రిజ్ ఉష్ణోగ్రత నుంచి జడ్జీల నియామకం దాకా అన్నీ దాని ప్రకారమే సర్దుకున్నారు. మాస్కోకి అలాంటి ఆశ ఎవరూ చూపించలేదు.

కాకపోతే చేరేదాకే ఆ పట్టు. చేరాక హంగరీ ఏం చేసిందో చూశాం, 2022లో నిధులు ఆపాల్సి వచ్చింది. ఇక్కడ కూడా కోర్టుల గొడవతో ఆగిన నిధులు, 2023 ఎన్నికల్లో ప్రభుత్వం మారాకే విడుదలయ్యాయి.

డా_రమణ
రష్యాకి ఇచ్చిన సాయంలో ఒకటి మాత్రం అక్షరాలా పనిచేసింది, దాన్ని మర్చిపోతున్నారు. 1991లో సెనెటర్లు నన్, లూగర్ తెచ్చిన చట్టం. పాత సోవియట్ అణ్వాయుధాల్ని విప్పడానికి, భద్రంగా తరలించడానికి అమెరికా డబ్బిచ్చింది. ఉక్రెయిన్‌లో ఉన్న సుమారు 1,900 వ్యూహాత్మక వార్‌హెడ్లు 1996 నాటికి రష్యాకి చేరాయి. అది కాక 1993 ఒప్పందం ప్రకారం, రష్యా వార్‌హెడ్లలోంచి తీసిన 500 టన్నుల శుద్ధి యురేనియాన్ని పలచబరిచి ఇరవై ఏళ్ల పాటు అమెరికా అణు విద్యుత్ కేంద్రాల్లో ఇంధనంగా వాడారు.

ఉక్రెయిన్ తన వంతు అప్పగించినందుకు బదులుగా 1994 డిసెంబరులో బుడాపెస్ట్‌లో భద్రత హామీ కాగితం ఇచ్చారు. రష్యా సంతకం కూడా దాని మీద ఉంది. నాతో చదివిన, ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ మిత్రుడితో ఇప్పుడు ఆ ఊసెత్తడం మానేశాను.

లెక్కల_మాస్టారు
సాగర్ మొదటి ప్రశ్నకి ఇంకో కొలత ఉంది. ఒకే పరికరాన్ని రెండు దేశాల్లో వాడి చూసిన సందర్భం.

1989 చివర్లో అమెరికా కాంగ్రెస్ చట్టంతో పోలిష్-అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఫండ్ పెట్టారు. 24 కోట్ల డాలర్లు. ప్రభుత్వానికి ఇవ్వలేదు, కన్సల్టెంట్లకీ ఇవ్వలేదు. బేకరీలకి, వర్క్‌షాపులకి, లారీ కొనుక్కునేవాడికి పోలండ్ బ్యాంకుల ద్వారానే చిన్న అప్పులు, కొన్ని కంపెనీల్లో వాటాలు. లాభాలొచ్చాయి. 12 కోట్ల డాలర్లు అమెరికా ఖజానాకి వాపసు ఇచ్చారు. సాయం డబ్బు తిరిగి రావడం ఎక్కడన్నా విన్నారా? మిగిలిన దాంతో 2000లో ఒక ఫౌండేషన్ పెట్టారు, అది పల్లెటూరి పిల్లల చదువులకి ఖర్చు పెడుతోంది.

రష్యాకీ ఇలాంటి ఫండే పెట్టారు, దీనికన్నా పెద్దది. కొన్ని పెట్టుబడులు బాగానే పండాయి, ఆ డబ్బుతో అక్కడా ఫౌండేషన్ పెట్టారు. 2015 డిసెంబరులో రష్యా ప్రభుత్వం దాన్ని "అవాంఛనీయ సంస్థ"గా ప్రకటించి తలుపులు మూయించింది.

ఎర్రమందారం
మాస్టారూ, ఆ పల్లెటూరి పిల్లల్లో కిరణ్ గారు చెప్పిన పీజీఆర్ ఊళ్ల పిల్లలూ ఉంటారు. ముందు తండ్రుల పని తీసేసి, పదేళ్ల తర్వాత పిల్లలకి స్కాలర్‌షిప్ ఇస్తే దాన్ని విజయం ఖాతాలో వేస్తున్నారు. మీ రుణమాఫీ పాయింటు మాత్రం తీసుకుంటున్నాను, శ్రీలంక దారంలో వాడతాను.